ఇటలీ వెళ్లి కప్పు గెలిచి, తిరిగొచ్చి దాన్నే తాకట్టు పెట్టిన బొగ్గు గని జట్టు (వెస్ట్ ఆక్లాండ్, 1909, 1911)

లెఫ్ట్‌బ్యాక్_రాజమండ్రి:
ఇద్దరు సినిమా వాళ్లు వేల్స్‌లోని రెక్స్‌హామ్ ఫుట్‌బాల్ క్లబ్‌ని కొన్న దగ్గర్నుంచి ఇక్కడ అందరూ కింది డివిజన్ల గురించే మాట్లాడుతున్నారు కదా, అందుకని నాకు అన్నిటికన్నా ఇష్టమైన కథ పెడుతున్నా. ఇంగ్లండ్‌లో డర్హమ్ కౌంటీలో వెస్ట్ ఆక్లాండ్ అని ఒక ఊరు, చుట్టూ బొగ్గు గనులు. ఆ ఊరి జట్టు నార్తర్న్ లీగ్‌లో ఆడేది. అదంతా అమెచ్యూర్ ఆట, జీతాలు లేవు, ఆడేవాళ్లలో ఎక్కువమంది గనుల్లో పనిచేసేవాళ్లే. ఈ జట్టు 1909 ఏప్రిల్‌లో ఇటలీలోని ట్యూరిన్ వెళ్లి సర్ థామస్ లిప్టన్ ట్రోఫీ ఆడింది. సెమీస్‌లో స్టుట్‌గార్ట్ జట్టు మీద 2-0, మర్నాడే ఫైనల్లో స్విట్జర్లాండ్ జట్టు వింటర్‌థూర్ మీద 2-0. 1911లో మళ్లీ వెళ్లారు. జ్యూరిక్‌ని 2-0తో ఇంటికి పంపి ఫైనల్లో యువెంటస్‌ని 6-1తో చితక్కొట్టారు. అవును, ఆ యువెంటస్సే.

వరసగా రెండుసార్లు గెలిచారని కప్పు వాళ్లకే శాశ్వతంగా ఇచ్చేశారు. కానీ ప్రయాణాల ఖర్చుతో క్లబ్ అప్పుల్లో మునిగిపోయి, ఊళ్లో వీట్‌షీఫ్ అనే హోటల్ నడిపే ఆవిడ దగ్గర ఆ కప్పునే 40 పౌండ్లకి తాకట్టు పెట్టింది. 1912కల్లా క్లబ్బే మూతపడి, 1914లో వెస్ట్ ఆక్లాండ్ టౌన్ పేరుతో మళ్లీ మొదలైంది. మొదటి ఫిఫా ప్రపంచ కప్పు 1930లో కదా, దానికి 21 ఏళ్ల ముందు సంగతి ఇది. ఆ ఊరివాళ్లయితే మొట్టమొదటి ప్రపంచ కప్పు మాదేనంటారు. మీరేమంటారు?

గోల్‌కీపర్_గుంటూరు:
ఆక్లాండ్ అనగానే న్యూజిలాండ్ అనుకుని సగం దాకా చదివా, వాళ్లు ఓడెక్కి ఇటలీ ఎప్పటికి చేరారా అని ఆలోచిస్తూ 😂

లిప్టన్ అంటే టీ పొడి లిప్టనేనా?

లెఫ్ట్‌బ్యాక్_రాజమండ్రి:
ఆయనే. గ్లాస్గోలో పుట్టి, కిరాణా కొట్లు పెట్టి, 1890లో సిలోన్‌లో తేయాకు తోటలు కొని కోటీశ్వరుడయ్యాడు. కప్పులు ఇవ్వడమంటే మహా సరదా. అర్జెంటీనా, ఉరుగ్వే మధ్య 1905లో మొదలైన కోపా లిప్టన్ కూడా ఆయన ఇచ్చిందే. తాను మాత్రం పడవ పందేల్లో అమెరికాస్ కప్ కోసం 1899 నుంచి 1930 దాకా ఐదుసార్లు పోటీపడి ఐదుసార్లూ ఓడిపోయాడు పాపం.

ఖని_కుర్రోడు:
అన్నా, మీరు ఒక్క లైన్‌లో తేల్చేసిన ప్రయాణం సంగతే నాకు ముఖ్యం అనిపిస్తోంది. మాది గోదావరిఖని, ఇంట్లో రెండు తరాలు బాయి (బొగ్గు గని) పని చేసినవాళ్లే. నాగా పెడితే మస్టర్ (హాజరు) పడదు, మస్టర్ పడకపోతే ఆ రోజు పైసలు లేవు. ఇంత చిన్న లెక్క అర్థం కావాలంటే ఇంట్లో ఒక్కరైనా బాయిలో దిగి ఉండాలి. డర్హమ్ నుంచి ట్యూరిన్ అంటే రైలు, పడవ, మళ్లీ రైలు, పోను రాను ఎన్ని షిఫ్టులు పోయి ఉంటాయో చూడండి. పైగా వాళ్లకి క్లబ్ జీతం కూడా లేదంటున్నారు. 6-1 అని అందరూ చప్పట్లు కొడతారు, ఆ వారం ఇంటి ఖర్చు ఎవరిచ్చారు? కనీసం పోయిన మస్టర్లకైనా క్లబ్ ఏదో ఇచ్చి ఉండదా?

లెఫ్ట్‌బ్యాక్_రాజమండ్రి:
ఇవ్వకూడదు తమ్ముడూ, ఆటలో అదే పెద్ద గొడవ. అమెచ్యూర్ అంటే ఆట ద్వారా పైసా ముట్టకూడదు, చివరికి ఆట కోసం పోగొట్టుకున్న కూలి తిరిగి ఇచ్చినా తప్పే. దాన్ని బ్రోకెన్ టైమ్ పేమెంట్ అనేవాళ్లు. ఇంగ్లండ్ ఎఫ్ఏ (అక్కడి ఫుట్‌బాల్ సంఘం) ఈ విషయంలో ఎంత మొండిగా ఉండేదంటే, ఒలింపిక్స్‌లో ఆడే అమెచ్యూర్లకి ఆ కూలి ఇవ్వొచ్చా లేదా అన్న తగాదాలోనే 1928లో బ్రిటన్ సంఘాలన్నీ ఫిఫా నుంచి బయటికొచ్చేశాయి. మొదటి మూడు ప్రపంచ కప్పుల్లో ఇంగ్లండ్ లేకపోవడం వెనక ఈ కథ ఉంది. జమీందారు కొడుకు అమెచ్యూర్‌గా ఆడితే పోయేదేం లేదు. గని కార్మికుడు ఆడితే పొయ్యి వెలగదు. రూల్ మాత్రం ఇద్దరికీ ఒకటే.

రెండుసార్లూ తేదీలు గమనించావా? 1909 ఏప్రిల్ 11, 12. 1911 ఏప్రిల్ 16, 17. రెండుసార్లూ ఈస్టర్ ఆదివారం, సోమవారం. సెలవు చూసుకునే పెట్టారు, కానీ అది మ్యాచ్‌లకే సరిపోతుంది, ప్రయాణానికి సరిపోదు. వెళ్లడానికి ఇళ్లల్లో సామాన్లు అమ్ముకున్నారని కూడా చెప్తారు. అది ఎంతవరకు నిజమో గానీ, కప్పు తాకట్టు మాత్రం నూటికి నూరుపాళ్లు జరిగింది.

ఆఫ్‌సైడ్_అప్పారావు:
కథ బాగుంది, కన్నీళ్లు కూడా వచ్చాయి, కానీ ప్రపంచ కప్పు అనడం మరీ ఓవర్. నాలుగు జట్లు, రెండు రోజులు, ఆడింది క్లబ్బులు. ట్యూరిన్‌లోనే 1908లో ఇలాంటి అంతర్జాతీయ పోటీ ఒకటి జరిగింది, జెనీవా జట్టు సెర్వెట్ గెలిచింది, మరి వాళ్లెందుకు బోర్డు పెట్టుకోలేదు? అదే 1908లో లండన్ ఒలింపిక్స్‌లో దేశాల జట్లే ఆడాయి, ఫైనల్లో బ్రిటన్ 2-0తో డెన్మార్క్‌ని ఓడించింది. మొదటి ప్రపంచ కప్పు అనాల్సి వస్తే దాన్ని అనాలి.

ఇక యువెంటస్ పేరు చెప్పి భయపెట్టకండి. ఇప్పటి యువెంటస్ వేరు, 1911 యువెంటస్ వేరు. అప్పటికి వాళ్లు ఇటలీ ఛాంపియన్లు అయ్యింది ఒక్కసారే, 1905లో. ఆ రోజుల్లో ఇటలీలో అసలు దాదాలు ప్రో వెర్చెల్లి, 1908, 1909, 1911 టైటిళ్లు వాళ్లవే. ప్రో వెర్చెల్లిని 6-1తో కొట్టి ఉంటే నేనే లేచి దండం పెట్టేవాణ్ణి.

లెఫ్ట్‌బ్యాక్_రాజమండ్రి:
అప్పారావు గారూ, యువెంటస్ విషయంలో మీతో గొడవ లేదు. కానీ 1909 ఫైనల్లో ఓడింది ఎవరో కూడా చూడండి. వింటర్‌థూర్ 1908 స్విస్ ఛాంపియన్. సెమీస్‌లో వాళ్లు ట్యూరిన్ జట్టుని 2-1తో కొట్టి వచ్చారు, ఆ ట్యూరిన్ జట్టు టొరినో, యువెంటస్ ఆటగాళ్లని కలిపి కట్టిన ఉమ్మడి జట్టు. అంటే ఆతిథ్య ఊరు తన దగ్గరున్న మంచివాళ్లందర్నీ ఒకచోట చేర్చింది, అయినా ఫైనల్‌కి రాలేకపోయింది. ఇటువైపు నార్తర్న్ లీగ్ జట్టు, రాత్రికి రాత్రి అలసట తీర్చుకుని మర్నాడే ఫైనల్ ఆడింది. ఇంగ్లండ్ ఎఫ్ఏ పెద్ద జట్టుని పంపడానికి ఒప్పుకోలేదు కాబట్టి వీళ్లకి అవకాశం దొరికింది, అది నిజమే. దొరికిన అవకాశాన్ని రెండుసార్లు గెలిచి చూపించారు కదా. ప్రపంచ కప్పు అనకండి, పోనీ. ఇంకేదైనా అనండి, చిన్నది మాత్రం అనకండి.

ఖని_కుర్రోడు:
అప్పారావు సార్, పేరు మీద పట్టింపు నాకూ లేదు. కానీ ఒలింపిక్స్ జట్టుకి టికెట్లు కొనే వాళ్లు వెనక ఉంటారు. వీళ్లకి ఎవరున్నారు?

ఆఫ్‌సైడ్_అప్పారావు:
1908 ఒలింపిక్స్ లండన్లోనే జరిగాయి బాబూ, ట్రామ్ టికెట్ చాలు 😄

టీసైడ్_తెలుగోడు:
ఈ థ్రెడ్ ఇక్కడ చూస్తానని కలలో కూడా అనుకోలేదు. నేను మిడిల్స్‌బరోలో మాస్టర్స్ చేస్తున్నా (టీసైడ్ యూనివర్సిటీలో మనవాళ్లు ఎంతమంది ఉన్నారో చెప్పక్కర్లేదు, ఇండియన్ స్టోర్‌లో అందరం తెలుగులోనే మాట్లాడుకుంటాం). మిడిల్స్‌బరో నుంచి డార్లింగ్టన్ మీదుగా బిషప్ ఆక్లాండ్‌కి రైలుంది, అక్కడ దిగి బస్సెక్కితే వెస్ట్ ఆక్లాండ్. చలికాలం ఒక శనివారం నేనూ రూమ్మేటూ మ్యాచ్‌కి వెళ్లాం. గ్రౌండ్ పేరు డార్లింగ్టన్ రోడ్. ప్రీమియర్ లీగ్ టికెట్ మన పార్ట్‌టైమ్ జీతానికి అందదు గానీ ఇక్కడ చిల్లర డబ్బులతో లోపలికి వెళ్లొచ్చు, కట్టె కంచె పక్కనే నిలబడితే ఆటగాళ్లు ఒకళ్లనొకళ్లు తిట్టుకునేది కూడా వినపడుతుంది, గోల్‌కీపర్‌ని పేరు పెట్టి ఆటపట్టించే తాతలు ఉంటారు. మేమిద్దరం కొత్త మొహాలం కదా, ఒక పెద్దాయన దగ్గరికొచ్చి ఎక్కణ్ణుంచి వచ్చారని అడిగి, సమాధానం పూర్తయ్యేలోపే 1909 గురించి చెప్పడం మొదలుపెట్టాడు. హాఫ్‌టైమ్ మొత్తం అదే. రూమ్మేట్‌కి ఫుట్‌బాల్ అంటే ఏమీ తెలీదు, పాపం తలూపుతూ నిలబడ్డాడు.

ఊరి మధ్యలో పొడుగ్గా పెద్ద పచ్చిక మైదానం ఉంటుంది, దాని మీద 2013లో పెట్టిన విగ్రహం ఉంది, ఆ గెలుపు గుర్తుగా. గని మాత్రం ఒక్కటీ లేదు. చుట్టుపక్కలంతా ఇళ్లు, రోడ్లు, సూపర్ మార్కెట్లు. 1825లో ఆవిరి ఇంజన్‌తో నడిచిన స్టాక్టన్, డార్లింగ్టన్ రైలు ఈ ప్రాంతం బొగ్గుని రేవుకి చేర్చడానికి వేసిందే. ఇప్పుడు ఆ లైన్లో కొంత భాగం మీద మాలాంటి స్టూడెంట్లం వేర్‌హౌస్ షిఫ్టులకి వెళ్తున్నాం.

ఖని_కుర్రోడు:
తమ్మీ, ఒక్క గని కూడా లేదా? మొత్తం డర్హమ్‌లోనా?

టీసైడ్_తెలుగోడు:
మొత్తం అన్నా. చివరిది సండర్లాండ్‌లోని మంక్‌వేర్‌మౌత్, 1993 డిసెంబర్లో మూతపడింది. ఆ గని ఉన్న చోటే ఇప్పుడు సండర్లాండ్ క్లబ్ స్టేడియం ఆఫ్ లైట్ ఉంది. సరిగ్గా మర్నెలే, 1994 జనవరిలో, వెస్ట్ ఆక్లాండ్ వర్కింగ్ మెన్స్ క్లబ్‌లో పెట్టిన లిప్టన్ కప్పుని దొంగలు ఎత్తుకుపోయారు. ఇప్పటిదాకా దొరకలేదు. ఇప్పుడు ఉన్నది నకలు.

గోల్‌కీపర్_గుంటూరు:
ఆగండాగండి. కప్పు తాకట్టులో ఉంది కదా, మళ్లీ క్లబ్‌కి ఎలా వచ్చింది? సగం కథ మింగేశారు.

లెఫ్ట్‌బ్యాక్_రాజమండ్రి:
1960లో విడిపించారు. దాదాపు యాభై ఏళ్లు ఆ హోటల్ ఆవిడ దగ్గరే ఉంది. 100 పౌండ్లు ఇచ్చి తిరిగి తెచ్చుకున్నారు. అప్పుడు జట్టు కూడా మంచి ఊపు మీద ఉంది, 1960, 1961 నార్తర్న్ లీగ్ టైటిళ్లు గెలిచారు, 1961లో ఎఫ్ఏ అమెచ్యూర్ కప్ ఫైనల్ కోసం వెంబ్లీ దాకా వెళ్లి వాల్తమ్‌స్టో అవెన్యూ చేతిలో 2-1తో ఓడారు.

వడ్డీలెక్క_వెంకట్:
నేను ఫుట్‌బాల్ చూడను, మా బావమరిది లింక్ పంపితే చదివాను, కానీ ఇది మాత్రం చెప్పకుండా ఉండలేను. అసలు 40, కట్టింది 100, అంటే వడ్డీ 60. కాలం సుమారు 49 ఏళ్లు. బారు వడ్డీ లెక్కేస్తే ఏడాదికి నూటికి మూడు, అంటే నెలకి నూటికి పావలా. అచ్చంగా పావలా వడ్డీ! మన డ్వాక్రా గ్రూపులకి ప్రభుత్వం ఇచ్చిన రేటు. మా ఊళ్లో అయితే రెండు రూపాయల వడ్డీకి తక్కువ ఎవడూ ఇవ్వడు, చక్రవడ్డీ వేస్తే ఆ కప్పు కాదు, ఊరు మొత్తం రాసిచ్చినా తీరేది కాదు. ఆ హోటల్ ఆవిడ మంచిదే.

ఖని_కుర్రోడు:
వెంకట్ అన్న లెక్క సూపర్ 🔥 పైగా ఆవిడ కరిగించి అమ్ముకోలేదు, అన్నేళ్లు దాచిపెట్టింది. క్లబ్బు చేతికి వచ్చాకే పోయింది చూడండి. తాకట్టులో ఉన్నన్నాళ్లూ భద్రంగా ఉంది.

నౌ_క్యాంప్_నాని:
అందరూ మర్చిపోయిన మనిషి గురించి నేను చెప్తా. 1909లో ట్యూరిన్ వెళ్లిన జట్టులో జాక్ గ్రీన్‌వెల్ ఉన్నాడు. క్రూక్ అనే పక్క ఊరివాడు, బొగ్గు గని కార్మికుడే, క్రూక్ టౌన్ ఆటగాడు, ఈ టూర్‌కి వీళ్లతో కలిసి వెళ్లాడు. 1912లో బార్సిలోనాకి ఆడటానికి వెళ్లాడు, 1917లో కోచ్ అయ్యాడు, మొదటి విడతలోనే ఆరేళ్లు ఉన్నాడు, 1920, 1922 కోపా డెల్ రే (స్పెయిన్ జాతీయ కప్పు) తెచ్చాడు. తర్వాత 1929లో బార్సిలోనాలోని ఇంకో క్లబ్ ఎస్పాన్యోల్‌కి వాళ్ల మొదటి కోపా డెల్ రే తెచ్చిపెట్టాడు. 1931లో మళ్లీ బార్సా కోచ్‌గా వచ్చాడు. 1939లో పెరూ కోచ్‌గా దక్షిణ అమెరికా ఛాంపియన్‌షిప్ గెలిచాడు, అదే ఇప్పుడు మనం కోపా అమెరికా అంటున్నది. 1942లో బొగోటాలో చనిపోయాడు.

ఒక్కసారి సరిహద్దు దాటి చూసి వచ్చినవాడికి మళ్లీ ఆ గని లోపలికి దిగబుద్ధి కాకపోవడంలో ఆశ్చర్యమేముంది. ట్యూరిన్ ప్రయాణమే కారణమని రుజువు అడగొద్దు, నా దగ్గర లేదు, కానీ నేను అలాగే నమ్ముతా.

ఆఫ్‌సైడ్_అప్పారావు:
చూశారా, పక్క ఊరి నుంచి ఆటగాణ్ణి తెచ్చుకున్నారు. మరి "మా ఊరి జట్టు, మా ఊరి కప్పు" ఏమైంది? గల్లీ టోర్నమెంట్లో కూడా బయటి ఊరి ప్లేయర్ని దింపితే తలకాయలు పగులుతాయి.

నౌ_క్యాంప్_నాని:
గురూ, ఎదురుగా ట్యూరిన్‌వాళ్లు రెండు క్లబ్బుల్ని కలిపి దింపారు, వీళ్లు పక్క ఊరి కుర్రాణ్ణి తీసుకెళ్తే వచ్చిందా ఇబ్బంది?

రిటైర్డ్_మాస్టారు_సికింద్రాబాద్:
పిల్లలూ, ఉద్యోగం చేసుకుంటూ పెద్ద క్లబ్బుల్ని ఓడించిన జట్టు మన దగ్గరా ఉంది, మరిచిపోకండి. హైదరాబాద్ సిటీ పోలీస్. రహీం సాబ్ శిక్షణలో 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదు రోవర్స్ కప్పులు గెలిచారు. వాళ్లు ఏ టీ కంపెనీ యజమాని పిలుపు మీదో ఇటలీ వెళ్లలేదు, బొంబాయి, కలకత్తా, ఢిల్లీ వెళ్లారు. కానీ పోలీసు కాబట్టి డ్యూటీ జీతం ఉండేది, నాగా పడేది కాదు. ఆ కుర్రవాడు అడిగిన ప్రశ్నకి ఇదే జవాబు అనుకుంటాను. మన దేశంలో పోలీసు, రైల్వే, బ్యాంకులు జట్లు నడిపినన్నాళ్లూ పేదింటి కుర్రాళ్లు ఆడగలిగారు, అవి తగ్గాక హైదరాబాద్ ఫుట్‌బాల్ ఎలా అయిందో కనబడుతూనే ఉంది.

ఖని_కుర్రోడు:
నమస్తే మాస్టారూ. సింగరేణిలో కూడా ఆటల పోటీలకి పంపేవాళ్లు, ఆ రోజులకి మస్టర్ వేసేవాళ్లని మా నాన్న అంటుంటాడు. వెస్ట్ ఆక్లాండ్‌వాళ్లకి ఆ ఒక్క సౌకర్యం ఉండి ఉంటే కప్పు కుదువ పెట్టే పని పడకపోయేదేమో.

రెడ్_డ్రాగన్_రమేష్:
రెక్స్‌హామ్ పేరు మొదటి లైన్లోనే ఎత్తి వదిలేశారు, కాబట్టి నేను వస్తున్నా. 1984లో రెక్స్‌హామ్ ఇంగ్లండ్ నాలుగో డివిజన్లో ఉంది. యూరప్ దేశాల కప్పు విజేతలు ఆడే కప్ విన్నర్స్ కప్‌లో పోర్చుగల్ జట్టు పోర్టోతో పడింది. ఇంట్లో 1-0 గెలిచి, పోర్టోలో 4-3 ఓడి, అవే గోల్స్ మీద (మొత్తం గోల్స్ సమానమైతే బయటి మైదానంలో ఎక్కువ కొట్టినవాళ్లు గెలిచినట్టు) ముందుకెళ్లింది. తర్వాత రోమా చేతిలో రెండు మ్యాచ్‌లూ పోయాయి. అసలు నాలుగో డివిజన్ జట్టు యూరప్‌కి ఎలా వెళ్లిందంటే వెల్ష్ కప్ దారిన. ఆ ఏడు ఫైనల్ గెలిచింది ష్రూస్‌బరీ, కానీ అది ఇంగ్లండ్ క్లబ్ కాబట్టి అర్హత లేదు, ఓడిన రెక్స్‌హామ్‌కి ఛాన్స్.

దీనికన్నా కింద నుంచి వచ్చినవాళ్లు మెర్థిర్ టిడ్‌ఫిల్. సదరన్ లీగ్ జట్టు, వాళ్లదీ వేల్స్ బొగ్గు, ఇనుము ఊరే (ఖని తమ్ముడికి నచ్చుతుంది). 1987లో సొంత మైదానంలో ఇటలీ జట్టు అటలాంటాని 2-1తో ఓడించారు. తిరుగు మ్యాచ్‌లో బెర్గామోలో 2-0 పోయింది. అదే అటలాంటా ఆ సీజన్ సెమీస్ దాకా వెళ్లింది.

గోల్‌కీపర్_గుంటూరు:
సటన్ యునైటెడ్‌ని కూడా కలపండి లిస్టులో. 1979లో ఆంగ్లో ఇటాలియన్ కప్, ఫైనల్లో కియెటి మీద 2-1. ఇటలీవాళ్లకి ఇంగ్లండ్ చిన్న క్లబ్బులంటే పాత పగ ఏదో ఉన్నట్టుంది.

టీసైడ్_తెలుగోడు:
పగ తీర్చుకున్నారుగా. వందేళ్ల గుర్తుగా 2009లో వెస్ట్ ఆక్లాండ్ మళ్లీ ట్యూరిన్ వెళ్లి యువెంటస్ కుర్రాళ్ల జట్టుతో ఆడింది, 7-1. ఈసారి ఆ ఏడు యువెంటస్‌వి.

ఆఫ్‌సైడ్_అప్పారావు:
😂😂 అది చెప్పండి ముందు!

సరే, ఇంకో డౌట్. ఎక్కడో చదివాను, అసలు పిలవాల్సింది వూల్విచ్ ఆర్సెనల్‌ని అని, డబ్ల్యూ.ఏ. అని పొడి అక్షరాలు చూసి పొరపాటున వెస్ట్ ఆక్లాండ్‌కి ఉత్తరం వెళ్లిందని. నిజమేనా?

లెఫ్ట్‌బ్యాక్_రాజమండ్రి:
చెప్పుకోవడానికి బాగుంటుంది, ఆధారం మాత్రం లేదు. నాకైతే ఆ కథ అంటే చిరాకు కూడా. 1909లో పొరపాటున పిలిచారే అనుకుందాం, 1911లో మళ్లీ ఎందుకు పిలిచినట్టు? ఆ ఉత్తరం కూడా దారి తప్పిందా? గని పనివాళ్లు గెలిచారంటే జనానికి ఎక్కడో ఒక పొరపాటు కనబడాలి, లేకపోతే నమ్మబుద్ధి కాదు.

ఆఫ్‌సైడ్_అప్పారావు:
ఈ పాయింట్ ఒప్పుకుంటున్నా. ప్రపంచ కప్పు మాత్రం కాదు.

ఖని_కుర్రోడు:
టీసైడ్ తమ్మీ, వేసవిలో మా అక్క దగ్గరికి న్యూకాసిల్ వస్తున్నా. అప్పుడు వీళ్ల మ్యాచ్‌లుంటాయా?

టీసైడ్_తెలుగోడు:
జూన్‌లో వస్తే ఏమీ ఉండవు అన్నా. ఆగస్టులో సీజన్ మొదలవుతుంది, జులై చివరికి వస్తే ఫ్రెండ్లీలు దొరుకుతాయి. న్యూకాసిల్ నుంచి డార్లింగ్టన్ దాకా రైల్లో వచ్చెయ్, అక్కణ్ణుంచి కలిసి వెళ్దాం. గొడుగు కాదు, మంచి జాకెట్ తెచ్చుకో, ఇక్కడ గాలికి గొడుగు నిలవదు.